ఆమె దాటేసిన మాట

హగరి స్టేషన్‌లో బండి కోసం కూర్చున్నాను. పక్కనున్న పెద్దావిడ అన్నం గిన్నె తెరిచి, తలమీద కొంగు కప్పుకుని, ప్రభువు నేర్పిన ప్రార్థన మొదలుపెట్టింది. 'మాకు చెడు చేసినవారిని మేము క్షమించినట్టే మమ్మల్నీ క్షమించు' అనే చోట నోరు మూసుకుంది. ఆ మాట దాటేసి, మిగతాది పూర్తిచేసింది.

నేనూ క్రైస్తవుణ్ణే. ఎందుకు దాటేశారని ఉండబట్టలేక అడిగాను.

"నా కొడుకును లారీతో తొక్కించినోడు మా కూరెకుప్ప ఊర్లోనే బాగా తిరుగుతాండాడప్పా. క్షమించినానని దేవుని ముందర అబద్ధం ఎట్లా చెప్పేది? ఆ మాట నిజంగా లోపల్నించి వచ్చిన పొద్దు చెప్తా."

"క్షమించాలమ్మా. అది ఆజ్ఞ," అన్నాను.

ఆమె కోప్పడలేదు. "నీకు వస్తాదా అప్పా, ఆ మాట?"

"వస్తుందమ్మా."

ఆ ఆదివారం చర్చిలో, ఏళ్లుగా నేను మాట్లాడని మా తమ్ముడు ముందు వరసలోనే ఉన్నాడు. ప్రార్థనలో ఆ మాట వచ్చింది. ఆమె ఆగిన చోట నా నోరు ఆగలేదు.