క్యాసెట్లో రైలు కూత

టీచింగ్ ఫెలోషిప్ అంటే మా కాలేజీ స్టాఫ్ రూములో అందరికీ ఒకటే అర్థం. ఏడాది సెలవు, కలకత్తాలో గది, తిరిగొచ్చేటప్పుడు చంకలో ఓ థీసిస్, దాని వెనకే ప్రమోషన్, రీడర్ పోస్టు. ఎనభైల చివర్లో నాకొచ్చిన ఫెలోషిప్‌లో థీసిస్ ఊసే లేదు. పాఠం ఎలా చెప్పాలో నేర్చుకోవడానికే ఇచ్చారది. "ఇన్నేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నారుగా, ఇంకా నేర్చుకునేదేముంది?" అని తోటి లెక్చరర్లు నవ్వారు. నవ్వుకోండి, నాకేం అనుకుని కలకత్తా రైలెక్కాను.

వచ్చేటప్పుడు మీ క్లాసు ఒకటి రికార్డు చేసి తెమ్మని ఫెలోషిప్ వాళ్లు ముందే చెప్పారు. ఖరగ్‌పూర్‌లో మా కాలేజీ ఆనర్స్ వాళ్లకు చెప్పిన పాఠం క్యాసెట్టు పట్టుకెళ్లాను. మంచి పాఠమే ఎంచుకున్నానని నా ధీమా. రైలు దగ్గరికొచ్చేటప్పుడు కూత సన్నగా, దాటిపోయాక బొంగురుగా ఎందుకు వినిపిస్తుందన్న పాఠం అది. అక్కడ మాకు నేర్పే పెద్దావిడ దాన్ని అందరి ముందూ వినిపించింది. "రాసుకోండి" అన్న నా గొంతు, కాగితాల చప్పుడు, మళ్లీ నా గొంతు. మధ్యలో నిజమైన రైలే ఒకటి కూస్తూ మా కాలేజీ పక్కనుంచి పోయింది. నేను చిరాగ్గా ఆగాను. ఆ గోల పోయేదాకా ఊరుకుని, "ఊఁ, ఎక్కడున్నాం? రైలు కూత... రాసుకోండి" అన్నాను.

గదంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను కానీ నాకు ఒళ్లు మండింది. ఆ నోట్సు నేను రాసింది కూడా కాదు. నేను అదే కాలేజీలో చదువుకునేటప్పుడు, ఇప్పటి మా హెడ్ చెప్పి రాయించింది. ఆయనకు ఆయన మాస్టారు రాయించారట. "ఇందులో పిల్లలెక్కడున్నారు?" అని పెద్దావిడ అడిగింది. ఆ ప్రశ్నతోనే నాకు మా నాన్న గుర్తొచ్చాడు.

నాన్న ఇంజన్ డ్రైవరు. సిగ్నల్ కనిపించగానే అసిస్టెంటు దాని రంగు గట్టిగా చెప్పాలి, డ్రైవరు అదే మాట గట్టిగా తిరిగి చెప్పాలి. నాన్న ఆ అలవాటును నిమ్‌పురా రైల్వే కాలనీలో మా క్వార్టరు దాకా లాక్కొచ్చాడు. అమ్మ సంచీ చేతికిస్తే గుమ్మంలో నిలబడి, "వంకాయలు, సింతపండు, ఆవాలు. అంతేనా?" అని అప్పజెప్పేవాడు.

"సెప్పిందే సెప్తావేటి? ఇదేటి ఇంజనా?" అని అమ్మ కసురుకునేది.

"ఇన్నానని నాకు తెలుసు. నాను ఇన్నానని నీకెలా తెలస్తాది?" అనేవాడు.

ఏడాది తర్వాత తిరిగొచ్చి నా క్లాసులో పెట్టింది అదే. ఒకరు తమకు అర్థమైంది చెప్పాలి. పక్కవాళ్లు లేచి దాన్ని సొంత మాటల్లో తిరిగి చెప్పి, "అంతేనా?" అని అడగాలి. అవునో కాదో తేలేదాకా కూర్చోకూడదు. తెలుగు, బెంగాలీ, హిందీ, ఒడియా, ఏ భాషైనా ఠీక్ హై. బయట రైలు కూస్తే పాఠం ఆపి చెవులు రిక్కించి వినేవాళ్లం. ఊళ్లో పూరీ గేట్ పేట నుంచి వచ్చే తెలుగు పిల్ల ఒకతె, అంతకుముందు క్లాసులో నోరు విప్పనిది, ఓరోజు లేచి, "బండి మనకాడికొస్తన్నప్పుడు అలలు ఇరుకైపోతాయి మేడమ్, ఎల్లిపోతన్నప్పుడు సాగిపోతాయి" అంది. కాలనీ తెలుగు తెలిసిన బెంగాలీ అబ్బాయి దాన్ని తన భాషలో తిరిగి చెప్పాడు. నా ఆనందం ఇంతా అంతా కాదు.

మా హెడ్‌కు అది గోల. "ఇది క్లాసా, చేపల బజారా? ఫెలోషిప్‌కు వెళ్లినవాళ్లు డిగ్రీలు తెచ్చారు, మీరు రైల్వే అలవాట్లు తెచ్చారు" అన్నాడు. నోట్సు చెప్పకపోతే రీడర్ పోస్టుకు నా పేరు రాయనన్నాడు. ఆ పోస్టు నాకు కావాలి. అక్కర్లేదని గొప్పలు పోను. ఆయన రిటైరయ్యేదాకా నోట్సు చెప్పి గడిపెయ్యమని స్టాఫ్ రూములో అందరూ హితవు చెప్పారు. చచ్చినా చెప్పనన్నాను.

చివరికి ఆయనే నా క్లాసులోకి వచ్చి పిల్లలతో, "రేపటినుంచి ప్రశ్నలు లేవు, కబుర్లు లేవు. మేడమ్ చెబుతారు, మీరు రాసుకుంటారు" అన్నాడు.

పూరీ గేట్ పిల్ల లేచి నిలబడింది. పొగరు కాదు, ఆ వేళ తిరిగి చెప్పే వంతు ఆమెది. అలవాటు చొప్పున, ఆయన మాట్లాడిన బెంగాలీలోనే, "అర్థం కాకపోయినా అడగకూడదు, రాసుకోవాలి. అంతేనా, సార్?" అంది.

ఆయన ముఖం కందిపోయింది. ఆమెను కూర్చోబెట్టమన్నట్టు నావైపు చూశాడు. నేను కూర్చోబెట్టలేదు. క్లాసంతా ఆయన జవాబు కోసం చూసింది. ఆయన అవుననలేక, కాదనలేక బయటికి నడిచాడు. ఆమె నిలబడే ఉంది.

పీరియడు అయ్యాక పిలిచి, ఆ పిల్ల చేత క్షమాపణ చెప్పించమన్నాడు. ఆమె అన్నదాంట్లో తప్పేముందో చెప్పండి, చెప్పిస్తానన్నాను. పోస్టు ఆశ వదులుకొమ్మన్నాడు. అన్నంత పనీ చేశాడు. తొంభైల్లో ఆయన రిటైరయ్యాకే, నా తర్వాత చేరినవాళ్ల వెనకాల, నాకు ఆ పోస్టు వచ్చింది. జూనియర్లకు ఆర్డర్లు వచ్చిన ప్రతిసారీ కుళ్లుకునేదాన్ని.

హెడ్ ఆ మాటన్న రోజు సాయంత్రమే క్వార్టరుకు వెళ్లి జరిగిందంతా నాన్నకు చెప్పాను. ఓదారుస్తాడేమో, తలొగ్గమంటాడేమో అనుకున్నాను. నాన్న టీ గ్లాసు కింద పెట్టి నన్ను సూటిగా చూశాడు.

"పోస్టు రాదు. నోట్సు సెప్పవు. అంతేనా?"

"అంతే నాన్నా" అన్నాను.