దూడ పెండ సీసతోని సంగారెడ్డి దాంక

మా బర్రె దూడకు పుట్టిన పదో దినం నుంచి పారుడు వట్టింది, నీళ్ళలెక్క పెండ వెడ్తుంది. మూడు రకాల గోలీలు మార్చిన, ఆగలే. దూడ లేచి నిలవడ్తలేదు. మెడికల్ షాపాయన సుద్దముక్కలు అమ్మిండేమోనని నా అనుమానం. అంతకన్న పెద్ద అనుమానం మా వాగు మీద, కంపెనీల నీళ్ళు దాంట్లకే వస్తయి. దొంగెవరో తేల్చుకుందామని సంగారెడ్డి పశువుల దవాఖానకు బయలెల్లిన.

పొద్దున ఎనిమిదింటికి రుద్రారంల బస్సెక్కిన. టికెట్ పది రూపాయలు, ముప్పావుగంట తొవ్వ. ఒళ్ళె మూత బిగించిన సీస. కండక్టర్ దాన్నే సూస్తుండు.

"ఏముంది పెద్దమనిషీ అండ్ల?"

"దూడ పెండ."

"నిజం చెప్పు."

"మూత తియ్యాల్నా?"

వద్దన్నడు. పక్కోడు లేచి ముందుకు వోయిండు. కాళ్ళు సాపుకొని కూసున్న.

దవాఖానల డాక్టరమ్మ సీస తీసుకున్నది. షాపు మీద, వాగు మీద నా ఫిర్యాదంత విని, "దూడకు ఏం తాపుతున్నరు?" అనడిగింది.

"పాలేనమ్మా."

"తల్లివేనా?"

"తల్లి పాలు డైరీకి పోతయి. ఇంకో బర్రెకు పొదుగు వాస్తే సూదులేయించిన. మందు పాలు మనుషులు తాగొద్దు గద, డైరీల పొయ్యలే. పారబోసుడెందుకని దూడకు తాపుతున్న." జెర గొప్పగనే చెప్పిన.

డాక్టరమ్మ పెన్ను ఆపింది. "రోజింత మందు తాపితే దూడ కడుపుల మెత్తటి క్రిములు చచ్చి మొండియి మిగుల్తయి. ఇగ గోలీలకు అవేం బెదురుతయి?"

"మరి వాగు?"

"అది వేరే పరీక్ష చేస్తేగాని చెప్పలేను. ఆ పాలు మాత్రం ఇయ్యాలనే బంద్ చెయ్యుండ్రి. తల్లి పాలు తాపుండ్రి, నడుమ నడుమ ఉప్పు చక్కెర నీళ్ళు పొయ్యుండ్రి."

మూడో దినం మళ్ళ పోతే పెండ పరీక్ష కాగితమిచ్చిండ్రు. పెండల క్రిముల మీద ఆరు మందులు వేసి సూస్తే అవి ఒక్కదానికే లొంగినయంట. ఆ సూదే వేయించిన. నాలుగు దినాలకు దూడ లేచి నిలవడ్డది, నా దోతి కొస నోట్లె వెట్టుకొని గుంజింది.

షాపాయన మీద అనుమానం పోయింది, వాగు మీద పోలే. కొత్తగ ఇంకొకటి మొదలైంది. కొట్టంల ఏ గిన్నె పట్టుకున్నా, దీంట్ల ఏముందని నన్ను నేనే అడుగుతున్న. ఆ ఒక్క మందు గూడ పనిచెయ్యకపోతే నేనేం జేసేటోణ్ణో తెల్వది.

మీరు పోయేదుంటే మందు మొదలువెట్టకముందే పెండ పట్టుకొని పదింటిలోపల దవాఖానకు చేరుండ్రి. సూదేసిన బర్రె పాలు దూడకు గూడ తాపకుండ్రి, గుంత తవ్వి పొయ్యుండ్రి. చెయ్యి రాదు, నాకు తెల్సు. మొకం అటు తిప్పుకొని పొయ్యుండ్రి.