చొక్కా మీద ఒలికిన బీరు

శనివారం నాలుగు కొట్టకముందే లిఫ్టు మెకానిక్కు ఆ రెస్టారెంటు బయట నిలబడి ఉండేవాడు. లోపల బల్లల మీంచి కుర్చీలు దింపుతున్న చప్పుడు ఆగేదాకా చూసి, అద్దాల తలుపులో తన నీడ చూసుకుంటూ తల దువ్వుకుని, అప్పుడు లోపలికెళ్లేవాడు. చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కునే వచ్చేవాడు. అయినా గోళ్ల సందుల్లో గ్రీజు మిగిలేది. బతుకంతా లిఫ్టుల కింద దూరి, లిఫ్టుల మీదెక్కి పనిచేసిన మనిషికి ఆ మాత్రం నలుపు వదలదు.

అదేం పెద్ద హోటలు కాదు. ఆఫీసులున్న వీధిలో, నాలుగు మెట్లు దిగి వెళ్లే పొడుగాటి హాలు. ముందు వైపు కుటుంబాలు కూర్చుంటాయి, వెనక వైపు బారు. నాలుగు నుంచి ఏడు దాకా హ్యాపీ అవర్స్. తిండి సగం ధర, ఒక గ్లాసు కొంటే ఇంకో గ్లాసు ఊరికే. చీకటిపడే వేళకి ఆఫీసు జనం మెడలో కార్డులు జేబుల్లో కుక్కుకుంటూ గుంపులుగా దిగుతారు. అక్కడినుంచి ఎవరి మాట వాళ్లకే వినపడదు.

తాగుడు మానేసినవాడు కన్నకూతుర్ని కలుసుకోవడానికి ఇలాంటి చోటు ఎంచుకున్నాడేమిటని తోటి మెకానిక్కు ఒకసారి మొహం మీదే అడిగాడు.

"పార్కులు లేవా, ఐస్‌క్రీం షాపులు లేవా? పోయిపోయి బారులో కూచుంటావేంట్రా?"

"పార్కులో తాగకపోతే గొప్పేముంది? గ్లాసుల మధ్య కూచుని తాగకపోతేనే కదా, మానేశాడని నమ్మేది."

"ఎవరు నమ్మాలి?"

అతను కింద పడేసిన స్పానరు కోసం వెతుక్కున్నాడు.

నమ్మాల్సిన మనిషి పక్క వీధిలో కళ్లద్దాల షాపులో పనిచేసేది. పెళ్లయి కలిసున్నన్నాళ్లూ అతన్ని 'మీరు' అనేది. విడాకులు వచ్చిన రోజు కోర్టు వరండాలోనే 'నువ్వు'లోకి దిగిపోయింది. పిల్ల అప్పటికి రెండో తరగతి. శనివారం సాయంత్రం, నలుగురూ తిరిగే చోట, మూడు గంటలు తండ్రి పిల్లని చూడొచ్చు అన్నాడు జడ్జి. తాగి వచ్చినట్టు తేలితే ఆ మూడు గంటలూ పోతాయని కూడా అన్నాడు. అతను ఆ సాయంత్రమే మానేశాడు. ఇల్లంతా వేడుకున్నప్పుడు మానలేనిది, ఇల్లు పోయాక ఒక్క పూటలో మానేశాడు. ఎవరైనా మెచ్చుకుంటే తిట్టినట్టు ముడుచుకుపోయేవాడు.

ఏడింటికి పిల్ల తల్లి వచ్చి మెట్ల పైన నిలబడేది. బ్యాగు అందుకునే వంకతో ఒక అడుగు ముందుకేసి, అతని ఎదురుగా గట్టిగా గాలి పీల్చేది. మాటల మీద ఆమెకి నమ్మకం ఏనాడో చచ్చిపోయింది. ముక్కు మీద మిగిలింది. ఆ సంగతి అతనికీ తెలుసు. అందుకని తనే దగ్గరికెళ్లి, "స్కూలు బస్సు ఇంకా ఆ మలుపు దగ్గరే ఆగుతోందా, లేకపోతే ముందుకు మార్చారా?" అని అక్కర్లేని ప్రశ్న ఒకటి పొడుగ్గా అడిగేవాడు, ఊపిరి ఆమెదాకా వెళ్లాలని. దగ్గు వచ్చినా, వాసన వస్తుందని సిరప్పు తాగేవాడు కాదు. నోట్లో పిప్పరమెంటు బిళ్ల కూడా వేసుకునేవాడు కాదు. బిళ్లలు ఎందుకు వేసుకుంటారో ఆమెకి బాగా తెలుసు. ఆమె పీల్చి, తల ఊపి, పిల్ల చెయ్యి పట్టుకునేది. వారమంతటికీ అతనికి దక్కే సర్టిఫికెట్టు ఆ తల ఊపడమే.

ఇలా ఏడేళ్లు నడిచింది. గోడ వారనున్న మూల బల్లే వాళ్ల ఇల్లు. పిల్ల మొదట్లో సోఫా మీద మోకాళ్లేసుకుని కూర్చునేది. బల్ల మీద పరిచే కాగితం నిండా ఏనుగులు గీసేది. ముందుపళ్లు ఊడటం, మళ్లీ రావడం, ఎక్కాలు, అలకలు అన్నీ ఆ బల్ల దగ్గరే చూశాడు అతను. జ్వరంతో మూలగటం మాత్రం చూడలేదు. నిద్రలేచిన మొహం చూడలేదు. బొద్దుగా ఉండేదని 'బుడంకాయ్' అని పిలిచేవాడు. ఇప్పుడు సన్నగా తల్లిని మించి ఎదిగింది. ఆ పేరు మాత్రం మారలేదు.

"వచ్చిందండీ కలెక్టరమ్మ!" అనేవాడు వాళ్ల బల్ల చూసే వెయిటరు. నున్నటి తల, ఎప్పుడూ చంకలో తువ్వాలు. పిల్ల అతన్ని గుండు బాబాయ్ అనేది. "ఏం తెమ్మంటారు దొరగారూ? ఎప్పటిదేనా?"

"ఎప్పటిదే," అనేవాడు మెకానిక్కు, పిల్ల మెనూ తెరవకముందే. పిల్లకి గుడ్డు నూడుల్సు, తనకి నిమ్మరసం.

ఆ శనివారం కూడా అలాగే చెప్పాడు. గుండు బాబాయి వెళ్లాక పిల్ల మెనూ మూసి పక్కన పెట్టింది.

"నాన్నా, నేను నూడుల్సు తినడం మానేసి చాలా రోజులైంది."

"అదేంటి, పోయినవారం తిన్నావుగా?"

"ఇక్కడ తప్ప ఎక్కడా తినను."

అతను నవ్వాడు. ఏం చెయ్యాలో తెలియనప్పుడు నవ్వే నవ్వు. "మరి చెప్పొచ్చుగా నా తల్లీ! ఉండు, మార్పిస్తా."

"వద్దులే. తింటా." చేతిలో చెంచాని తిప్పుతూ కూర్చుంది. "నీతో ఒకటి మాట్లాడాలి. నవ్వకుండా వింటావా?"

విషయం అతనికి తెలుసు. రెండు వారాలుగా అది ఆ బల్ల చుట్టూ తిరుగుతూనే ఉంది. పిల్ల బాస్కెట్‌బాల్ బాగా ఆడుతోంది. స్కూలు టీములోకి తీసుకుంటామన్నారు. ప్రాక్టీసు శనివారం సాయంత్రం, మ్యాచులు ఆదివారం. తతిమ్మా రోజులు స్కూలూ ట్యూషనూ ఉంటాయి, అతనికి డ్యూటీ ఉంటుంది. పిల్ల మొదటిసారి చెప్పినప్పుడు అతను వినపడనట్టు గుండు బాబాయిని పిలిచాడు. రెండోసారి లిఫ్టులో ఇరుక్కున్న పెళ్లికొడుకు కథ మొదలుపెట్టాడు.

"మీ కోచ్‌ని శుక్రవారం పెట్టుకోమను," అన్నాడు ఈసారి.

"నా ఒక్కదాని కోసం మారుస్తారా నాన్నా? ప్రాక్టీసుకి రానని ఇప్పటికే రెండుసార్లు చెప్పా. సోమవారం లోపు చెప్పకపోతే ఇంకో అమ్మాయిని తీసుకుంటారంట."

"తీసుకోనీ. బంతి ఎక్కడికీ పోదులే. ఇంకో రెండేళ్లు ఆగితే నీ ఇష్టం వచ్చిన రోజు ఆడుకో. నాకు ఉన్నది ఈ మూడు గంటలే కదా, బుడంకాయ్."

"అలా పిలవకు. అందరూ ఉన్నారు." పిల్ల చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నాకూ ఉన్నవి ఆ మూడు గంటలే."

నూడుల్సు వచ్చాయి. పిల్ల ఫోర్కుకి చుట్టుకుని, ఒక్కో ముద్దా నీళ్లతో మింగింది. అది చూస్తూ, ఇదే మాదిరిగా ఎన్ని శనివారాలు మింగిందోనన్న ఆలోచన అతనికి వచ్చింది. వచ్చిన ఆలోచనని పక్కకి నెట్టేసి, "ఐస్‌క్రీం చెప్పనా?" అన్నాడు.

పక్క బల్ల దగ్గర పండగలా ఉంది. ఎవరికో ప్రమోషన్ వచ్చినట్టుంది, ఎనిమిది మంది నాలుగు కుర్చీల మీద వేలాడుతున్నారు. ఫొటోకి నిలబడమన్నారు ఎవరో. ప్రమోషన్ వచ్చిన కుర్రాడు గ్లాసు పైకెత్తి వెనక్కి అడుగేశాడు. సోఫా అంచు కాలికి తగిలి వెల్లకిలా తూలాడు. గ్లాసులోని బీరంతా మెకానిక్కు భుజం మీంచి పొట్ట దాకా కారింది.

"సారీ అంకుల్! సారీ సారీ!" కుర్రాడు టిష్యూలతో అతని ఛాతీ మీద అద్దటం మొదలుపెట్టాడు.

"ఏం కంగారుపడకు రా, పడింది ఫ్రీ గ్లాసే!" అని అరిచాడు ఒక స్నేహితుడు. బల్లంతా గొల్లుమంది.

మెకానిక్కు లేచి కుళాయి దగ్గరికెళ్లాడు. చొక్కా తడిపి, సబ్బు రాసి పిండాడు. వాసన పోకపోగా సబ్బుతో కలిసి ఇంకా ముదిరింది. గుండు బాబాయి వెనకాలే వచ్చాడు.

"నా చొక్కా ఇంకోటి ఉంది లోపల. ఇస్తా, తొడుక్కో."

"నీ యూనిఫారంలో కనపడితే ఇక చెప్పనే అక్కర్లేదు. ఒంటి మీద బట్ట తెలియకుండా తాగాడనుకుంటుంది."

"పోనీ, నేనొచ్చి చెప్తా అమ్మగారికి. నా కళ్లతో చూశాగా."

"వద్దు బాబాయ్." ఒకప్పుడు అతని తరఫున సాక్ష్యం చెప్పడానికి స్నేహితులు ఆమె గుమ్మం ముందు వరస కట్టేవాళ్లు. వదినా నా మాట నమ్ము, ఎవరో మీద ఒంపేశారు, వీడు చుక్క ముట్టుకోలేదు అని. చెప్పినవాళ్ల నోళ్లు కూడా కంపు కొడుతుండేవి. "పిల్ల ఉందిగా. పిల్ల చెప్తే నమ్ముతుంది."

ఏడింటికి మెట్లెక్కారు. పిల్ల తల్లి బ్యాగు కోసం చెయ్యి చాపింది, ఒక అడుగు ముందుకేసింది, అక్కడే ఆగిపోయింది. ఈసారి గట్టిగా పీల్చాల్సిన పని లేకపోయింది.

"మీద పడింది," అన్నాడతను. అన్నాక ఆ మాట తన చెవులకే పాతగా వినపడింది.

"అవును, ఎప్పుడూ మీదే పడుతుంది. నోట్లో ఎప్పుడూ పడలేదు పాపం."

"పక్క బల్ల కుర్రాడు ఒలకబోశాడు. నిజం. కావాలంటే దాన్నడుగు."

ఆమె పిల్ల వైపు తిరిగింది. గొంతులో కోపం తగ్గింది, భయం మిగిలింది. "నువ్వు చెప్పు. నువ్వు చెప్తే నమ్ముతా. నాన్న తాగాడా?"

పిల్ల తండ్రి వైపు చూసింది. తర్వాత బూట్ల వైపు చూసింది. కొత్త బూట్లు, ఆటకి వేసుకునేవి. అతను అప్పుడే గమనించాడు వాటిని.

ఒక్క మాట చాలు. లేదు అంటే చాలు. వీధిలో బస్సు ఒకటి ఆగి జనాన్ని దింపేసి వెళ్లిపోయింది. పిల్ల నోరు తెరిచింది, మూసింది. ఆ మాట గొంతుదాకా వస్తోందనీ, పైకి రాలేకపోతోందనీ అతనికి తెలుస్తోంది. అది ఇష్టపడి చేస్తున్న మోసం కాదని కూడా తెలుస్తోంది. ఇంకాసేపు ఆగితే చెప్పేస్తుంది. చెప్పాక వచ్చే శనివారం వచ్చి కూర్చుంటుంది, నూడుల్సు నీళ్లతో మింగుతుంది.

"దాన్నెందుకు నిలదీస్తావ్?" అన్నాడు. "తాగాను. అది చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు. చాలా?"

పిల్ల తల ఎత్తింది. "నాన్నా—"

"వెళ్లు."

తల్లి మొహంలో గెలిచిన జాడ ఏమీ లేదు. ఏడేళ్లుగా వారం వారం తల ఊపిన మనిషి, అంతా వమ్మయినట్టు కాసేపు అతన్నే చూసింది. "మానేశావనుకున్నా," అంది. "నిజంగానే అనుకున్నా. ఇంక రాకు." పిల్ల భుజం మీద చెయ్యి వేసి నడిపించుకుపోయింది. పిల్ల మలుపు దాకా వెనక్కి చూస్తూనే వెళ్లింది.

ఆ తర్వాత అతను శనివారం డ్యూటీ అడిగి వేయించుకున్నాడు. తోటి మెకానిక్కు ఏమైందని అడిగితే, పిల్ల పెద్దదైంది, దాని పనులు దానికున్నాయి అన్నాడు. తాగుడు జోలికి మాత్రం పోలేదు. ఇప్పుడు వాసన చూసేవాళ్లు ఎవరూ లేకపోయినా పోలేదు.

నెల దాటాక ఒక మధ్యాహ్నం, అపార్టుమెంటులో లిఫ్టు పెట్టె మీద గొంతుక్కూచుని తీగలకి గ్రీజు పూస్తుంటే ఫోను మోగింది. తెలియని నంబరు.

"నాన్నా, నేను. ఫ్రెండు ఫోను."

గ్రీజు చేత్తోనే ఫోను చెవికి నొక్కుకున్నాడు. "చెప్పమ్మా."

"టీములో తీసుకున్నారు."

"తీసుకోక చస్తారా? ఆ పొడుగు చూసి."

"నీ పోలికైతే రాలేదులే పొడుగు." నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. వెనకాల బంతి నేలకి కొడుతున్న చప్పుడు వినపడుతోంది. "నాన్నా, అమ్మకి నిజం చెప్పేస్తా. నువ్వు తాగలేదని. ఇవాళే చెప్పేస్తా."

అతను గోడకి ఆనుకున్నాడు. కింద లిఫ్టు కోసం ఎవరో బటను నొక్కుతూనే ఉన్నారు. ఈ మాట కోసం మెట్ల పైన ఎంతగా చూశాడో అతనికే తెలుసు.

"ప్రాక్టీసు శనివారమేనా?"

"ఊఁ."

"అయితే ఎందుకులే. ఇప్పుడు చెప్తే, అప్పుడెందుకు నోరు మెదపలేదని నిన్ను తింటుంది. వదిలెయ్."

వదలనని అంటుందేమోనని ఆగాడు. కాదు, చెప్తాను, నువ్వు రావాలి అంటుందేమోనని ఊపిరి బిగబట్టి ఆగాడు. బంతి నాలుగైదుసార్లు పడి లేచింది.

"సరే నాన్నా," అంది పిల్ల.

గొంతులో ఏడుపు ఉంది. ఏడుపు కింద, దాచాలని దానికి తెలియని ఊరట ఉంది. అతనికి రెండూ వినపడ్డాయి.

"వెళ్లు మరి," అన్నాడు. "ఆట మొదలైనట్టుంది."