‘కుంచించుకుపోయింది’ అన్న ఒక్క మాట

కోవిడ్ రెండో వేవ్ గడిచిన మరుసటి ఏడాది. విశాఖపట్నంలో జగదాంబ సెంటరుకు కాస్త దూరంలో ఉన్న ఒక స్కానింగ్ సెంటర్లో నేను రేడియాలజిస్టుగా పనిచేస్తున్నాను. రేడియాలజిస్టు అంటే స్కాన్ బొమ్మలు చూసి, వాటిలో ఏముందో రాసిచ్చే డాక్టరు. చాలామంది రోగులు మా మొహం కూడా చూడరు. మేం రాసిన రిపోర్టు మాత్రం వాళ్ల బీరువాల్లో ఏళ్ల తరబడి ఉంటుంది. దాన్ని ఎవరు చదువుతారో, చదివి వాళ్లను ఏం చేస్తారో మాకు తెలియదు.

ఒక మధ్యాహ్నం రిసెప్షన్లో ఒకాయన కుర్చీలోంచి లేవనంటున్నాడని కబురొచ్చింది. తన బుర్ర చూసిన డాక్టరుతో మాట్లాడేదాకా కదలనంటున్నాడట. ఆ డాక్టరు, అంటే మా సీనియర్ మురళిగారు, ఆ రోజు సెలవు. నేనే బయటికి వెళ్లాను.

ఆయన పేరు అప్పలరాజు. యాభై దాటిన మనిషి. సొంతూరు సబ్బవరం దగ్గర పల్లె. ఇంట్లో అందరూ వ్యవసాయం చేస్తుంటే ఈయన చిన్నప్పుడే పట్నం వచ్చి, పోర్టులో ఓడల సరుకు దించే ఒక ప్రైవేటు కంపెనీలో క్రేన్ ఆపరేటరు అయ్యాడు. పక్కన భార్య నూకరత్నం, ఆమె ఒళ్లో మా సెంటర్ కవరు. ఇద్దర్నీ లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టి అడిగితే సంగతంతా చెప్పారు.

కొన్ని నెలలుగా అప్పలరాజు పనిలో తేడా వచ్చిందని సూపర్‌వైజరు అంటున్నాడు. వాకీటాకీలో ఒకటి చెబితే ఇంకోటి చేస్తున్నాడని, చెప్పింది మర్చిపోతున్నాడని. కంపెనీ డాక్టరు మెదడుకు ఎమ్మారై రాశాడు. చీటీ మీద కారణం ‘మతిమరుపు, డిమెన్షియా అనుమానం’ అని ఉంది. డిమెన్షియా అంటే జ్ఞాపకం, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు. మా సెంటర్ నుంచి వెళ్లిన రిపోర్టు చివర ‘డిఫ్యూజ్ సెరిబ్రల్ అట్రోఫీ, డిస్‌ప్రపోర్షనేట్ టు ఏజ్’ అని ఉంది. మెదడు అంతటా, వయసుకు మించి కుంచించుకుపోయిందని దాని అర్థం. ఆ కాగితం అందిన వెంటనే కంపెనీ ఆయన్ని క్రేన్ మీంచి దించేసింది. క్యాంటీన్లో తోటివాళ్లు అప్పుడే పేరు కూడా పెట్టేశారట, ఎండిపోయిన బుర్ర అని.

నేను కంప్యూటర్లో ఆయన స్కాన్ తెరిచాను. మెదడు మడతల మధ్య, లోపలి గదుల్లో నీరు ఉంటుంది. మెదడు తగ్గితే ఆ సందులు వెడల్పవుతాయి, గదులు ఉబ్బుతాయి. ఎంత వెడల్పయితే ఎక్కువ అన్నదే ప్రశ్న. దాన్ని కంప్యూటరుతో కొలిచే పద్ధతులు లేకపోలేదు గానీ, మాలాంటి సెంటర్లలో రోజూ జరిగేది కంటి అంచనా. దానికొక స్కేలు ఉంది, సున్నా నుంచి మూడు దాకా. సున్నా అంటే బాగున్నట్టు, మూడు అంటే బాగా పోయినట్టు. ఆ రెండు కొసల దగ్గర మా మధ్య పేచీ ఉండదు. వచ్చేదంతా ఒకటికీ రెండుకీ మధ్యనే. అప్పలరాజు బొమ్మ నా కంటికి ఒకటి. ఆ వయసు వాళ్లలో మామూలుగా కనిపించేదే. మురళిగారి కంటికి అదే బొమ్మ రెండు.

మాస్కు కిందికి లాగి ఆ మాటే చెప్పాను. అప్పలరాజు నా మొహంలోకి సూటిగా చూస్తూ విన్నాడు.

“ఇద్దరూ సదువుకున్నోలే గదా మేడమ్. ఒక్కటే ఫొటో. మరి నా బుర్ర ఎవరి మాట ఇంటాది?”

 ఆ ప్రశ్న నాకు కోపం తెప్పించింది. ఆయన మీద కాదు. ఇన్నేళ్లుగా అట్రోఫీ అన్న మాటను తేదీ వేసినంత తేలిగ్గా రాస్తున్న మా అందరి మీద.

మర్నాడు మురళిగారిని అడిగాను. ఆయన అశ్రద్ధగా చూసే మనిషి కాదు. నాకు పని నేర్పిన వాళ్లలో ఒకరు. “అట్రోఫీ కనపడింది, రాశాను. నీకు కనపడకపోతే అది నీ ఇష్టం” అన్నారు. ఇంకో రిపోర్టు ఇస్తానంటే సెంటర్ యజమాని ఒప్పుకోలేదు. ఒకే సెంటర్ నుంచి ఒకే రోగికి రెండు మాటలు వెళ్తే రేపు మనకు కేసులు ఎవరు పంపుతారని ఆయన బాధ. నేను చూసిందే సరైనదని రుజువు చేయమన్నారు. కానీ నా వాదన అది కాదు. నేను చూసింది సరైనదని నాకూ తెలియదు. తెలియని విషయాన్ని తెలిసినట్టు రాసి ఒక మనిషిని పనిలోంచి దించేశామన్నదే నా వాదన.

నెలకోసారి ఊళ్లోని రేడియాలజిస్టులం కొందరం కలుస్తాం, వింత కేసులు చూపించుకుంటాం. ఆ నెల వంతు నాది. కొన్ని మెదడు స్కాన్లు పేర్లు తీసేసి తీసుకెళ్లాను. వాటిలో అప్పలరాజుది ఒకటి. చూపించవచ్చా అని ముందే అడిగాను. “సూపించండి. ఊరందరికీ సూపించండి. దాసుకోడానికేటుంది?” అన్నాడు.

వచ్చినవాళ్లలో సగం మందికి అప్పలరాజు స్కాన్‌తో పాటు ‘తలనొప్పి’ అన్న చీటీ ఇచ్చాను. మిగతా సగానికి ‘మతిమరుపు’ అని. బొమ్మ ఒకటే, వయసు ఒకటే. స్కేలు మీద అంకె వేసి ఇమ్మన్నాను. తలనొప్పి అని చదివినవాళ్లలో ఎక్కువమంది వయసుకు తగ్గట్టే ఉందన్నారు. మతిమరుపు అని చదివినవాళ్లలో ఎక్కువమందికి మెదడు కుంచించుకుపోయి కనిపించింది. అప్పుడు చీటీల సంగతి బయటపెట్టాను.

ఒక పెద్దాయన అందుకున్నారు. “మతిమరుపు అని రాసుంటే కాస్త గట్టిగా వెతుకుతాం. అది తప్పా?”

“వెతకడం తప్పు కాదు సార్. వెతికాం కాబట్టి దొరికిందని రాయడం తప్పు” అన్నాను.

ఆయనకు నచ్చలేదు. ఇలాంటి ఆటలు ఆడితే బయటివాళ్లకు మన మీద నమ్మకం పోతుందన్నారు. ఇద్దరు ముగ్గురు తలూపారు. నేను వెనక్కి తగ్గలేదు. ఈ గదిలో మనమే ఒకరి మాట ఒకరం నమ్మలేకపోతే, బయట క్రేన్ ఎక్కే మనిషి ఎందుకు నమ్మాలని అడిగాను.

మురళిగారికి నేను కావాలనే తలనొప్పి చీటీ ఇచ్చాను. తన పాత కేసని ఆయన గుర్తుపట్టలేదు. ఒకటి వేశారు. మీటింగు అయ్యాక పార్కింగులో నిలబెట్టి, నలుగురిలో నన్ను పరీక్షకు పెట్టావా అని కోప్పడ్డారు. ఆయన అంకె మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదని చెప్పాను. నా కాగితం కూడా తీసి చూపించాను. మీటింగుకు ముందే మా టెక్నీషియన్ చేత నేను పూర్వం చదివిన స్కాన్లు కొన్ని పేర్లు లేకుండా కలిపించుకుని, మళ్లీ చదివాను. వాటిలో కొన్నింటికి అప్పుడు వేసిన అంకె ఒకటి, ఇప్పుడు వేసింది ఇంకోటి. నాతో నేనే ఏకీభవించలేదు. ఆయన ఆ కాగితం చూసి కారెక్కి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున ఆయనే నా గదికి వచ్చి, “ఏం రాద్దాం?” అన్నారు.

ఇచ్చిన రిపోర్టుకు తర్వాత చేర్చే సవరణను అడెండమ్ అంటారు. ఇద్దరం కలిసి రాశాం. ఈ స్కాన్లో కనిపించే మార్పు స్వల్పం, చూసేవారిని బట్టి అంచనా మారే స్థాయిలో ఉంది, దీన్ని బట్టి డిమెన్షియా ఉందని గానీ పనికి పనికిరాడని గానీ తేల్చకూడదు, న్యూరాలజిస్టు చేత జ్ఞాపకశక్తి పరీక్షలు చేయించాలి. యజమాని చదివి, మన నెత్తిన మనమే మన్ను పోసుకుంటున్నామన్నారు. ఇది వెళ్లకపోతే రేపటి నుంచి నా సంతకం ఏ రిపోర్టు మీదా ఉండదని చెప్పాను. మురళిగారు నా పక్కనే నిలబడ్డారు. అడెండమ్ వెళ్లింది.

న్యూరాలజిస్టు అప్పలరాజును పరీక్షల కోసం ఒక సైకాలజిస్టు దగ్గరికి పంపారు. అప్పటికింకా ఆసుపత్రుల్లో అందరం మాస్కులతోనే ఉన్నాం. మొదటి ప్రశ్నలకు ఆయన తడబడ్డాడట. మళ్లీ అడిగితే వేరే జవాబు. ఆ సైకాలజిస్టు మాస్కు కిందికి లాగి మంచినీళ్లు తాగి, అలాగే తర్వాతి ప్రశ్న అడిగింది. టక్కున చెప్పాడు. ఆమెకు అనుమానం వచ్చి, దూరంగా జరిగి మాస్కు లేకుండానే మిగతావన్నీ అడిగింది. కథ వినిపించి తిరిగి చెప్పమంటే పేర్లతో సహా చెప్పాడు. జ్ఞాపకం శుభ్రంగా ఉంది. చెవుల పరీక్షకు పంపితే రెండు చెవులూ బాగా దెబ్బతిన్నాయని తేలింది. ఏళ్ల తరబడి ఇంజన్ల మోతలో పనిచేసిన మనిషి. పెదాల కదలిక చూసి నెట్టుకొస్తున్నాడు, ఆ సంగతి తనకే తెలియదు. మాస్కులు వచ్చి పెదాలు కనిపించకుండా పోయాక, అందరికీ మతిమరుపు మనిషయ్యాడు. వాకీటాకీకి పెదాలు ఎలాగూ లేవు.

నూకరత్నం నాతో అంది, “ఇంటికాడ పిలిస్తే పలకడు మేడమ్. నా మీద కోపమేమో అనుకుని నానూ మాటాడ్డం మానేసినాను.” ఆమె గొంతులో ఊరట కంటే సిగ్గు ఎక్కువగా వినిపించింది.

కథ అక్కడితో బాగుపడి ముగియలేదు. కంపెనీ సేఫ్టీ మేనేజరు అప్పలరాజును వెంటబెట్టుకుని మా సెంటరుకే వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. మెదడైతేనేం చెవైతేనేం, మనిషిని పైకి ఎక్కించలేం కదా, పాత రిపోర్టునే ఉంచేస్తే అనారోగ్యం కింద విరమణ ఇప్పించడం తేలికన్నాడు. కింద మనుషులు తిరిగే చోట క్రేన్ నడపడానికి చెవి ముఖ్యమే. ఆ మాట కాదనలేను. ఏం చెప్పాలా అని నేను చూస్తుండగా అప్పలరాజు లేచాడు.

“సెవి పోతే సెవి పోయిందని రాసుకోండి సార్. అది నిజం, ఒప్పుకుంతాను. బుర్ర పోయిందని రాస్తే మాత్రం ఊరుకోను. సెవికి మిషను పెట్టుకుంతాను. బుర్ర పోయిందన్న పేరుకి ఏ మిషను పెట్టుకోమంతారు?”

మేనేజరు నా వైపు చూశాడు. పాత రిపోర్టును అడెండమ్ లేకుండా ఎవరైనా ఎక్కడైనా వాడితే, అది తప్పని రాతపూర్వకంగా చెప్పడానికి ఇద్దరు డాక్టర్లం ఉన్నామన్నాను. అప్పలరాజు పని చేయగలడో లేదో తెలియాలంటే చెవి మిషను పెట్టి క్రేన్ మీదే పరీక్షించండి, నా కంప్యూటర్లో వెతక్కండి అన్నాను.

పరీక్షించారు. ఓడల దగ్గర పెద్ద క్రేన్ మళ్లీ ఇవ్వలేదు. యార్డులో, చేతి సైగలతో నడిచే చిన్న క్రేన్ ఇచ్చారు. అది అప్పలరాజుకు పూర్తి న్యాయమని నేననుకోను, ఆయనా అనుకోలేదు. కానీ పైకెక్కే ముందు ఒక పట్టు పట్టాడు. తనకు డిమెన్షియా లేదని కంపెనీ డాక్టరు క్యాంటీన్లో అందరి ముందూ చెప్పాలన్నాడు. చెప్పించుకున్నాడు. ఆ తర్వాతే ఎక్కాడు.

ఈ కేసు తర్వాత మెదడు స్కాన్లు చదివే తీరు మార్చుకున్నాను. ముందు చీటీ చూడకుండా బొమ్మ చూస్తాను, అంకె వేస్తాను, అప్పుడు చీటీ చదువుతాను. రెండూ పొసగకపోతే ఆ సంగతే రాస్తాను. పాత స్కాన్ ఉంటే తెమ్మంటాను, ఎందుకంటే ఒక మెదడుకు సరైన పోలిక అదే మెదడు. స్కాన్ నిండుగా ఉండీ కన్నకొడుకును గుర్తుపట్టలేని తల్లిని చూశాను. సందులు బాగా తేలిన మెదడుతో ఇప్పటికీ పిల్లలకు లెక్కలు చెబుతున్న మాస్టారినీ చూశాను. అలాగని బొమ్మ అబద్ధమని నేననను. చాలాసార్లు అదే ప్రాణం కాపాడుతుంది. అది చెప్పగలిగినంతే దాని చేత చెప్పించాలంటాను.

నా రిపోర్టులు తేల్చి చెప్పవని ఇప్పటికీ కొందరు డాక్టర్లు మా యజమానికి ఫిర్యాదు చేస్తూనే ఉంటారు. మొన్న కూడా ఒకాయన ఫోన్ చేశాడు. పేషెంటు వాళ్లు గాభరా పడుతున్నారు, అట్రోఫీ ఉందో లేదో ఒక్క ముక్కలో చెప్పండి మేడమ్, అన్నాడు.

ఒక్క ముక్కలో చెప్పను, అన్నాను.