పక్కింటి తాతగారి తుమ్మకట్టెలు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, డిసెంబరు తుఫానుకి రేపల్లెలో కరెంటు పోయింది. నెలలు నిండకుండా పుట్టిన మా అక్క కూతురి ఒళ్లు చల్లబడిపోతోంది. కుంపటి పెడదామంటే మా సరుగుడు కట్టెలన్నీ తడిసిపోయి ఒట్టి పొగే వచ్చింది.

పక్కింటి తాతగారి వసారాలో ఎండు తుమ్మకట్టెలు ఉండేవి. తను పోయాక చితికి పనికొస్తాయని ఆయనే ఏరి దాచుకున్నారని వీధిలో అందరికీ తెలుసు. అందుకే అమ్మ అడగలేక ఆయన గుమ్మంలో నిలబడిపోయింది.

“నాకిప్పుడప్పుడే అక్కర్లేదులేమ్మా. ముందు పసిదాన్ని చూడండి,” అన్నారు.

కట్టెలు తనే మోసుకొచ్చి మా వసారాలో మంట వేశారు. పొగంతా పోయాక నిప్పులు కుంపట్లోకి ఎత్తి, తలుపు ఓరగా తీసి గదిలో పెట్టాం. సాయంత్రానికి పాప కాళ్లు వెచ్చబడ్డాయి. పాలకోసం గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు విని తాతగారు కండువాతో కళ్లు తుడుచుకున్నారు.