పక్కసీటు బ్రేకు

డ్రైవింగ్ స్కూలు కారులో పక్కసీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది, నేర్పేవాళ్ల కోసం. డ్రైవింగ్ మేడం దాన్ని తొక్కడం మహా అరుదు. నేర్చుకునేవాళ్లు స్టీరింగును ఉడుంపట్టు పట్టినా, తలకు చుట్టుకున్న గుడ్డ అంచు సర్దుకుంటూ, "ఏం పర్లేదు, కాస్త వదులుగా పట్టుకోండి" అంటుంది. భయపడేవాళ్లంటే ఆవిడకు విసుగు లేదు.

అలాంటిది, మూణ్ణెల్లుగా రివర్సు రాక ఆపసోపాలు పడుతున్న బేకరీ ఆవిడను ఓనరు ఇంకో బండికి మార్చేశాడు.

"ఆవిడకు మీ దగ్గర కాస్త ఇబ్బందిగా ఉందట మేడం. ఏమీ అనుకోకండి," అన్నాడు, తలగుడ్డ వైపు చూసీ చూడనట్టు.

మేడం సరేనంది. ఇంతకుముందే ఇద్దరు అలా వెళ్లిపోయారు. ఇంకొకరు పోతే ఆ బండి ఆవిడకు ఉండదు, బండి లేకపోతే ఉద్యోగమూ ఉండదు.

రాత్రి ఇంట్లో భోజనాల దగ్గర ఆ సంగతి మేడం నోరు జారింది. కూతురు అంది: "ఇస్లామోఫోబియా అంటే ఇదేనమ్మా. మనవాళ్లంటే భయం."

కాలేజీలో పాఠాలు చెప్పే మేడం తమ్ముడు ఊరుకుంటాడా?

"ఆ మాటే తప్పు పిల్లా. ఫోబియా అంటే జబ్బు. జబ్బుమనిషిని తప్పు పడతామా? పైగా మన మతంలో నాకు నచ్చనిది నేను చెప్తే, ఆ మాటతోనే నా నోరూ మూయిస్తారు. మతాన్ని విమర్శించడం వేరు, మనిషిని పక్కన పెట్టడం వేరు. దానికి వివక్ష అనే మాట ఉందిగా!"

"వివక్ష సరే, దేనివల్లో చెప్పొద్దూ మామయ్యా? పేరే లేకపోతే అమ్మ ఏమని అడుగుతుంది?"

ఇద్దరూ ఆవిడ వైపు తిరిగారు. ఇద్దరి మాటా నిజమే అనిపించింది మేడంకి, అందుకే ఒళ్లు మండింది.

"ముందు గిన్నెలు ఎవరు కడుగుతారో తేల్చండి," అంది.

రెండురోజుల తర్వాత బేకరీ ఆవిడ వీధిలో ఎదురుపడి మొహం తిప్పుకోబోయి, ఆగింది.

"మొత్తానికి నన్ను వదిలించుకున్నారు కదా మేడం?"

"నేనా? మీకే నాతో ఇబ్బందని..."

"ఎవరన్నారు? నాకు రివర్సు రాదని మీరే విసిగిపోయారట. ఓనరు చెప్పాడు. ఇంటికెళ్లి ఏడ్చాను, తెలుసా?"

మేడం నేరుగా ఓనరు ముందు నిలబడింది. "బండి మార్చమని ఆవిడ అడిగిందా?"

"ఆవిడ అడగలేదు మేడం. ఆ ఇద్దరిలాగే ఈవిడా వెళ్లిపోతుందేమోనని నేనే ముందుగా..."

"రేపు ఆవిడ నా బండే ఎక్కుతుంది."

"అలాగే మేడం."

ఇంట్లో కూతురు ఎగిరి గంతేసింది. "చూశావా మామయ్యా, ఓనరుది భయమే!"

"అది వ్యాపారం పోతుందన్న భయం," అన్నాడు తమ్ముడు.

"ఓనరు సంగతి మీరు తేల్చుకోండి," అంది మేడం. "బేకరీ ఆవిడ మూణ్ణెల్లు నా పక్కన కూర్చుంది. నా గుడ్డ చూసి వద్దందంటే, ఒక్కమాట అడగకుండా ఎలా నమ్మేశాను? దానికి మీ దగ్గర ఏం పేరుందో చెప్పండి."

కూతురు కంచాలు ఎత్తింది. తమ్ముడు లేచి గిన్నెలు కడగడానికి వెళ్లాడు.