విండ్సర్‌లో మా ప్రొఫెసర్ చివరి తనిఖీలు

విండ్సర్‌లోని ఒక కాలేజీలో ఆస్ట్రియా నుంచి వచ్చిన ఒక ప్రొఫెసర్ దగ్గర నేను అసిస్టెంటుగా పనిచేశాను. కొండల మధ్య చిన్న బడిలో టీచరుగా మొదలైన మనిషి. తర్వాత డాక్టరేట్ చేసి, కెనడా వచ్చి, ముప్పై ఏళ్లు యూనివర్సిటీలో టీచర్లను తయారుచేశారు. రిటైరై తోటపని చేసుకుంటుంటే మా కాలేజీ పాఠాలు చెప్పమని పిలిచింది. మన పిల్లలు విమానాల నిండా దిగుతున్న రోజులవి. చైల్డ్‌కేర్ డిప్లొమాలో ఒక్క సెక్షన్ కాస్తా ఆరు సెక్షన్లయింది.

ఆ డిప్లొమాకు కొన్ని వారాలు డేకేర్‌లో పిల్లలతో పనిచేయాలి. ప్రతి విద్యార్థినీ అక్కడికి వెళ్లి కళ్లారా చూస్తే తప్ప ఆయన మార్కు వేసేవారు కాదు. "ఇంతమందిని ఎక్కడ చూస్తారు? పనిచేసిన గంటల షీటు మీద డేకేర్ సంతకం ఉంటే చాలు" అని మా డీన్ చెప్పింది. ఆయన వినలేదు. చూపు మందగించడంతో కారు నేను నడిపేదాన్ని. మోకాళ్లు గడ్డానికి తగిలేలా పిల్లల కుర్చీలో కూర్చుని, గంటసేపు కదలకుండా చూసేవారు. బయటికొచ్చాక, "ఈ అమ్మాయి పిల్లల మాట పూర్తయ్యేదాకా ఆగుతుంది. టీచరవుతుంది" అనేవారు.

ఒక ఫిబ్రవరిలో నల్గొండ అమ్మాయి ఒకతె నా టేబుల్ దగ్గరికి వచ్చింది.

"అక్కా, మా డేకేర్‌కు సార్ ఎప్పుడొస్తడు?"

"చెప్పి రారమ్మా. ఏమైంది?"

"పొద్దుగాల వేర్‌హౌస్‌ల షిఫ్ట్ పడుతుందక్కా. పోకుంటే తీసేస్తరు. రెండు వారాల సంది డేకేర్‌కు పోతలేను. షీటు మీద సంతకం నేనే పెట్టిన." అట్టపెట్టెలు కోసిన గీతలు ఆమె చేతుల నిండా ఉన్నాయి. "సార్‌ను జర ఆపక్కా."

చూస్తానన్నాను. ఆపలేదు. కెనడాలో స్థిరపడటానికి పెట్టుకున్న నా పీఆర్ అప్లికేషన్ ఆ ఉద్యోగం మీదే నడుస్తోంది, భయపడ్డాను. వెళ్లే ముందురోజు ఆమెకు ఒక మెసేజ్ పెట్టినా సరిపోయేది. అదీ పెట్టలేదు.

మేం వెళ్లినరోజు ఆ అమ్మాయి అక్కడ లేదు. డేకేర్ నడిపే ఆవిడ షీటు చూసి, "ఇది నా సంతకం కాదు" అంది. కారెక్కాక ఆయన, "ఆ అమ్మాయి సెమిస్టర్ మళ్లీ చేయాలి" అని మాత్రం అన్నారు. రిపోర్టులోనూ అదే రాశారు. కాలేజీ ఏకంగా ఆమె అడ్మిషన్ రద్దు చేసింది. అడ్మిషన్ పోతే దేశంలో ఉండనిచ్చే స్టడీ పర్మిట్ కూడా నిలవదని నేను చెప్పేదాకా ఆయనకు తెలియదు.

వెంటనే డీన్ దగ్గరికి వెళ్లారు. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"తప్పు చేస్తే మళ్లీ నేర్పమన్నాను. పంపించెయ్యమనలేదు."

"రిపోర్టు రాసింది మీరే ప్రొఫెసర్."

పార్కింగ్‌లో ఆయన నావైపు తిరిగారు. "నీకు ముందే తెలుసా?"

తెలుసన్నాను.

"నాకు చెప్పాల్సింది. సాయంత్రాలు నడిచే డేకేర్‌కు మార్చేవాణ్ణి."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఆ రద్దు మీద వేసిన అప్పీలు నెగ్గలేదు. ఆమె నాలుగు గంటల దూరంలోని బ్రాంప్టన్‌లో ఎవరిదో బేస్‌మెంట్‌లో ఉందని తెలిసి, ఒక ఆదివారం పొద్దున్నే మంచులో బయల్దేరాం. తలుపు తీసిన పంజాబీ ఆంటీ, ఆ అమ్మాయి పది రోజుల క్రితమే ఖాళీ చేసిందంది. ఫోన్ పనిచేయడం లేదు. ఆయన వాకిట్లోనే కాసేపు నిలబడ్డారు. తిరిగొచ్చే దారిలో కాఫీకి ఆగుదామంటే వద్దన్నారు.

ఆ సెమిస్టర్ మధ్యలోనే రాజీనామా చేశారు. సన్మానమేమీ జరగలేదు. ఏప్రిల్‌లో ఆస్ట్రియాలోని చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయారు. నేను రెండు ఉత్తరాలు రాశాను, జవాబు రాలేదు.

ఆయన కోర్సు నాకిచ్చారు. తర్వాత పీఆర్ కూడా వచ్చింది. డేకేర్లకు వెళ్లనక్కర్లేదని డీన్ మొదటి రోజే చెప్పింది. నేను వెళ్లలేదు. వచ్చిన షీట్లు వచ్చినట్టే టేబుల్ దగ్గర కూర్చుని పాస్ చేశాను. వాళ్లలో ఎవరు టీచరయ్యారో నాకు తెలియదు.